చెరుకు కోతకు పెళ్ళిళ్ళు

"కొయితా తెగింది" అన్నాడు కోతకు కూలీలను తెచ్చే ముకద్దం బాపురావు వేపపుల్ల నములుతూ. చెప్పు తెగిందన్నా అదే గొంతుతో అంటాడు.

అతనన్నది స్నేహలత గురించి. ఏడో నెల కడుపుతో ఉన్న ఆ పిల్ల పొద్దున్నే చెరుకు మోపు ఎత్తబోయి, ఎత్తలేక, మోపు మీదే కూలబడింది. మొహం పిప్పిలా తెల్లబోయింది. పక్కనున్న కోతగాళ్ళు కొడవళ్ళు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

"కొంచెం నీళ్ళు తాగితే లేస్తది" అంది సుకన్య, ఆమె వీపు నిమురుతూ.

"లేసి ఏం చేస్తది బాయీ? వంగనస్తదా? మోపు కట్టనస్తదా? మొగోడు కొయ్యాలె, ఆడిది కట్టాలె, ఎత్తాలె. గదీ కొయితా అంటే. సగం కొయితాతోని నాకేం పని? ట్రాక్టరు బోధన్ పోతున్నది, దాంట్ల ఎక్కించుండ్రి."

"బోధన్ల దిగి ఏడికి పోతది?"

"ఏడికెళ్ళి అచ్చిందో గాడికే."

సరిహద్దు అవతల మరాఠీలో కొయితా అంటే కొడవలి. చెరుకు కోతకు వచ్చే మొగుడూ పెళ్ళాలను కలిపి కూడా కొయితా అనే అంటారు. ఇద్దరు మనుషులు కలిస్తే ఒక పనిముట్టు. ఒంటరివాడికి కోతలో పని ఇవ్వరు, ఒంటరిదానికి అసలే ఇవ్వరు. ఏటా ఆ వైపు నుంచి జంటలు గుంపులు గుంపులుగా వచ్చేవి. ఈ మధ్య రావడం తగ్గింది. బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచినా మంజీర వైపు కొందరు రైతులు మొండిగా చెరుకు వేస్తూనే ఉన్నారు. కోసిన గడ లారీలెక్కి దూరపు ఫ్యాక్టరీలకు పోతూనే ఉంది. చెరుకుంది, కొయితాలు లేవు. బాపురావుకు నిద్రపట్టని రోజులవి.

సరిగ్గా అప్పుడే నిజామాబాద్‌లో విమలమ్మకూ నిద్ర పట్టడం లేదు. కంఠేశ్వర్ గుడి వెనక సందులో ఆమెది ఒక హోం. స్టేషన్లో, బస్టాండులో దొరికిన పిల్లలను తెచ్చి పెంచే చోటు. పిల్లలు చిన్నగా ఉన్నన్ని రోజులు ఏ బాధా లేదు. ఎవరో ఒకరు పుట్టినరోజని వచ్చి, అరటిపండ్లు పంచి, ఫోటోలు దిగి, చేతులు కడుక్కుని పోతారు. మీసాలొచ్చినవాడికి అరటిపండు అందిస్తూ ఫోటో దిగే దాత ఇంకా పుట్టలేదు. పద్దెనిమిదేళ్ళు దాటితే హోం గడప కూడా దాటాలి. దాటి ఎక్కడికి పోతారన్నది ఎవరూ అడగలేదు. అడిగితే తమ ఇంటికి పంపుతానంటుందేమోనని భయం కావచ్చు.

ఇద్దరి నిద్రా ఒకే ఉపాయంతో తిరిగొచ్చింది. సామూహిక వివాహాలు! ఫంక్షన్ హాలు, బ్యాండు, పప్పన్నం. బ్యానర్ మీద దాతల పేర్లు బర్రెలంత, వధూవరుల పేర్లు చీమలంత. అదే షామియానా కింద ఒక మూలన ఖాజీ సాబు వచ్చి ఆఫ్రీన్‌కు మన్సూర్‌తో నిఖా చదివిపోయాడు. "అనాథలకు ఒక నీడ దొరికింది" అని పెద్దమనుషులు మైకులో గొంతు పూడుకుపోయేలా మాట్లాడారు. ఆ నీడ పేరు బాపురావు అని మాత్రం ఎవరూ చెప్పలేదు. పెళ్ళిబట్టలకు కొత్త వాసన పోకముందే హోం ముందు డీసీఎం వ్యాను ఆగింది. జంటలు ఎక్కాయి. ఊళ్ళు చూపించడానికి తీసుకుపోతున్నారనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, పాపం.

సుకన్యకు జోడీగా ప్రేమ్‌ను పెట్టారు. చిన్నప్పుడు స్టేషన్లో పార్సిల్ ఆఫీసు వెనక ఒకే గోనెసంచి కప్పుకుని పడుకున్నవాళ్ళు. ఏటా అతనికి రాఖీ కట్టేది. "మేడం, వాడు నాకు అన్న" అని ఎంత మొత్తుకున్నా విమలమ్మ నవ్వి ఊరుకుంది. "మీకు అన్న ఎవలో తమ్ముడెవలో ఎవలకెరుకనే? రాఖీ నెలకు ఊశిపోతది. తాళి గట్టిది" అంది. ఆనాటి నుంచి గుడిసె నడుమ ఒక పాతచీర పరదా. ఇటు చెల్లె, అటు అన్న. తడిక దాటితే మొగుడూ పెళ్ళాం. చేనులో నోరు జారి ఆమె "అన్నా, జర కొడవలియ్యి" అన్నప్పుడల్లా పక్క చేను ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకునేవారు.

అయినా గుడిసె గుడిసే. నాలుగు కర్రలు, పైన నీలం టార్పాలిన్. తడిక అడ్డం పెట్టుకుని పడుకుంటే కర్రతో పొడిచి లేపేవాడు లేడు. బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్ళకంటూ దొరికిన మొదటి తలుపు అది.

స్నేహలతా సాయిరాం మాత్రం నిజంగానే మొగుడూ పెళ్ళాలయ్యారు. గుంపులో అందరికీ అదొక వింత, అదొక మురిపెం. పుట్టకముందే అమ్మ ఫలానా, నాన్న ఫలానా అని తెలిసిన బిడ్డ వాళ్ళలో అదే మొదలు. ఆ బిడ్డను ఇప్పుడు మళ్ళీ ప్లాట్‌ఫాం మీద కనమంటున్నాడు బాపురావు.

"సాయిరాం, నువ్వు ఫికర్ పెట్టుకోకు" అన్నాడతను, వేపపుల్ల ఉమ్మేసి. "నీ చెయ్యి మంచిగున్నది. నీకింకో ఆడిదాన్ని జోడి పెడ్త."

సాయిరాం నేల చూశాడు.

"ఓ సాయిరాం! నేల మీద ఏం కనవడుతున్నదిరా? పెండ్లాం ఈడున్నది" అంది సుకన్య.

"ఏమనమంటవక్కా? అంటే నన్ను గూడ ఎల్లగొడ్తడు."

సుకన్య కొడవలి కింద పడేసింది. పెద్దగా ఆలోచించి చేసింది కాదు. కొడవలి పట్టుకుని మాట్లాడితే మాట వేరేగా వినిపిస్తుందని పడేసింది, అంతే. అది చూసి ఆఫ్రీన్ పడేసింది. ప్రేమ్ పడేశాడు. మన్సూర్ పడేశాడు. ఆ వరుస దాటి పక్క వరుసకు, అక్కడి నుంచి గట్టు దాకా పాకింది. అంతవరకు టకటకలాడిన చేను ఒక్కసారి చప్పబడింది.

"స్నేహలత యాడికీ పోదు" అంది సుకన్య. "కాన్పయ్యి బిడ్డ నిమ్మళమయ్యెదాంక గుడిసెల్నే ఉంటది. ఆమె మోపు మేమందరం కట్టుకుంటం. కొయితా తెగింది అనే మాట ఇయ్యాల్టి సంది బంద్."

"బంద్ అనేదానివి నువ్వెవతివే? స్టేషన్ల అడుక్కతిన్నదానివి!"

"నువ్వు తీసుకరాంగ మేం స్టేషనోళ్ళమని తెల్వదా ముకద్దం సాబ్? అడిగేటోళ్ళు లేరనే కదా ఏరుకొచ్చినవ్?" అంది ఆఫ్రీన్.

బాపురావు గట్టెక్కి ఫోన్ తీశాడు. దొంగలముఠా చేనులో జమయిందని పోలీసులకు చెప్పడం అందరికీ వినిపించింది.

జీపు వచ్చేసరికి ఎండ ఎక్కింది. అందులోంచి దిగినవాడు కానిస్టేబుల్ ఆత్మారాం. వాళ్ళ చిన్నతనమంతా నిజామాబాద్ రైల్వే స్టేషన్లోనే పనిచేశాడు. మనిషి ముసలివాడయ్యాడు, పొట్ట పెరిగింది. వాళ్ళు మొహం గుర్తుపట్టేలోపే అతను జేబులోంచి విజిల్ తీసి ఊదాడు.

ప్లాట్‌ఫాం మీద పెరిగినవాళ్ళకు ఒక్కటే చదువు. విజిల్ వినబడితే ఉరకాలి. ఇద్దరు ఒక దిక్కుకు పోవద్దు. వెనక్కి తిరిగి చూడొద్దు. చూస్తే దొరుకుతావు. ఈ చదువు బుర్రకు చెప్పింది కాదు, పిక్కలకు చెప్పింది. అందుకే మరిచిపోలేదు.

తలా ఒక దిక్కు. చేను మింగేసినట్టు అందరూ మాయమయ్యారు. సుకన్య కూడా ఉరికింది. చెరుకాకు మొహాన్ని కోస్తున్నా, కాలికి మోడు గుచ్చుకున్నా ఉరికింది. ఊపిరి అందక ఒక చోట కూలబడ్డాక, వెనక ఏ చప్పుడూ లేదని తెలిసింది. అసలు ఎవరూ తరమలేదు. ఆత్మారాం పొట్టేసుకుని చెరుకుతోటలోకి ఎందుకు వస్తాడు? 

అప్పుడు గుర్తొచ్చింది స్నేహలత. ఉరకలేనిదాన్ని ఒక్కదాన్నీ మోపు మీద వదిలేసి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి మోపు ఉంది, మనిషి లేదు. గట్టు మీద రాందాస్ తాత మేకలు కాసుకుంటున్నాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడు, యూనియన్ మనిషి. ఇప్పుడు అతని మాట వినేది మేకలే, అవీ ఆకలి లేనప్పుడే.

"తీస్కపోయిండ్రు" అన్నాడు. "ట్రాక్టరెక్కిచ్చి నిజామాబాద్ బస్సు ఎక్కించమన్నడు. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గదా, వానికి టికెట్ పైసలు గూడ మిగిలినయ్. ఏమో జోర్దార్ కొడవళ్ళు పడేసిండ్రని సూసేటందుకు అచ్చిన. నేనచ్చేసరికి కొడవళ్ళే ఉన్నయ్."

ఆ మధ్యాహ్నం ఎవరూ గుడిసెలకు పోలేదు. కాలువ దగ్గర కూర్చున్నారు. మీటింగ్ అని ఎవరూ అనలేదు. ఒకరినొకరు తిట్టుకోవడానికి కూర్చున్నారు.

"నువ్వే పెద్ద లీడర్ లెక్క మాట్లాడితివి, అందరికంటే ముందుగాల ఉరికితివి" అన్నాడు మన్సూర్ సుకన్యను.

"నువ్వు కాలువ దుంకినవ్‌లే, నేను సూడలేదా?" అంది ఆఫ్రీన్ మొగుణ్ణి.

"ఉరుకక ఏం చేద్దురు?" అన్నాడు ప్రేమ్. "ఉరికినందుకే గద ఇన్నొద్దులు బతికింది. నిలవడ్డోళ్ళు ఏడున్నరు? ఒక్కన్ని సూపెట్టు."

నిలబడ్డవాళ్ళలో ఒకరు రైలు కింద, ఒకరు జైల్లో. ఉరికినవాళ్ళు చెరుకు తోటలో. పెద్దయితే ఏమవుతారంటే ఇదిగో, ఇదే.

సాయిరాం తన అరచెయ్యి చూసుకున్నాడు. "నేను ఆమె చెయ్యి ఇడిశిపెట్టి ఉరికిన" అన్నాడు. "చెయ్యి పట్టుకునే ఉన్న. ఇజిల్ ఇనవడ్డది. చెయ్యి ఎప్పుడిడిశిన్నో నాకే తెల్వది." అని మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు. తిడదామని నోళ్ళు తెరిచినవాళ్ళు మూసుకున్నారు. తిట్టడానికి ఆ పని చేయనివాళ్ళు ఎవరని?

"తాతా, యూనియన్ల మీరెట్ల నిలవడ్డరు?" అని అడిగింది సుకన్య.

మేకలకు నీళ్ళు తాపడానికి వచ్చిన రాందాస్ బీడీ వెలిగించుకున్నాడు. "నిలవడలే బిడ్డా, కూసున్నం. నిలవడ్డోడు ఉరుకుతడు. మాకో గేటుండె. గేటు ముంగట కూసున్నం. పక్కకు పక్కకు అతుక్కోని కూసుంటే, ఒక్కడు లేవాలన్నా నలుగురిని జరుగుమనాలె. గంతల పోలీసోళ్ళు రానే అచ్చేటోళ్ళు."

"గెలిచిండ్రా?"

"ఒకపారి గెలిచినం, ఒకపారి ఓడినం. ఆఖరుకు ఫ్యాక్టరీనే మూతవడ్డది. నన్నేమడుగుతవ్? నేను మేకలు కాస్తున్న." పొగ వదిలాడు. "మీకైతే గేటు గూడ లేదు. ఏడ కూసుంటరు?"

ఆఫ్రీన్ చేను వైపు చూసింది. పొద్దున్న కోసిన చెరుకంతా ఎత్తేవాళ్ళు లేక గట్టు పక్కన గుట్టగా పడి ఉంది. కోసిన గడ ఎండలో ఉంటే బరువు తగ్గుతుంది, రసం చెడుతుంది. ఫ్యాక్టరీవాడు తీసుకోడు. ఇందాకటి నుంచి బాపురావు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నది వాళ్ళ మీద ప్రేమతో కాదు.

"ఆ చెరుకు మీద కూసుందం" అంది.

"ముందుగాల స్నేహలత" అంది సుకన్య లేచి.

ఫ్రీ బస్సు పోయేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా ఫ్రీయే. ఆ సంగతి బాపురావు ఆలోచించలేదు. సుకన్య, ఆఫ్రీన్ బోధన్‌లో ఎక్కి నిజామాబాద్‌లో దిగి నేరుగా స్టేషన్‌కు నడిచారు. వెతకవలసిన అవసరం రాలేదు. పార్సిల్ ఆఫీసు వెనక, నల్లా పక్కన, స్నేహలత తన పాత జాగాలోనే కూర్చుని ఉంది. ఇన్నేళ్ళూ ఎవరో అట్టిపెట్టినట్టు.

"ఎందుకచ్చిండ్రే?" అంది మొహం తిప్పుకుని.

"తోల్కపోనీకి."

"మల్లా ఇజిల్ ఊదంగనే ఉరుకనీకా?"

సుకన్య ఆమె పక్కన కూలబడింది. కాలి గాయం సలుపుతోంది. "ఉరికిన. తప్పయింది" అంది.

ఏదో రైలు వచ్చింది, పోయింది. స్నేహలత పొట్ట మీద చెయ్యి వేసుకుని పట్టాల వైపు చూసింది.

"నేనేం పెద్ద సత్తెకాలపుదాన్ని కాదుతియ్" అంది చివరికి. "కడుపుతోని లేకపోతే మీ అందరికంటే ముందుగాల నేనే ఉరుకుదును. సాయిరాంగాడు ఏడ్చిండా?"

"ఏడ్చిండు."

"ఏడ్వనియ్. లేపు నన్ను, నడుం పట్టుకున్నది."

మర్నాడు పొద్దున బాపురావు చేనుకు వచ్చేసరికి గుంపంతా చెరుకు గుట్ట మీద కూర్చుని ఉంది. నడిమధ్యలో స్నేహలత, వెనక్కి ఆనుకోవడానికి సాయిరాం వీపు. మిగతావాళ్ళు చుట్టూ, మోకాలికి మోకాలు తగిలేలా. ఎవరి జోడీ ఎవరో తెలియకుండా కలిసిపోయి ఉన్నారు. రాందాస్ మేకలను గట్టు దించి, "నేను మీటింగుకు రాలె, మేకలస్తే అచ్చిన" అంటూ వచ్చి ఒక చివరన కూర్చున్నాడు.

"కాయ్ రే ఇది? లేవుండ్రి! లారీ అచ్చింది!"

"లారీని గూడ కూసోమను" అంది ఆఫ్రీన్.

గుట్టంతా నవ్వింది. ఆ నవ్వుకు బాపురావుకు కాలింది. తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. "ఒక్క ఆడిదాని కోసం ఇంతమంది పొట్ట కొట్టుకుంటరా? అది మీకేమైతది?" అన్నాడు. మంచి ప్రశ్నే. వాళ్ళకూ తెలియదు. చుట్టం కాదు, కులం కాదు. మన్సూర్ కాసేపు ఆలోచించి, "మావోళ్ళు" అన్నాడు. అతని నోటి నుంచి ఆ మాట ఎప్పుడూ వచ్చినట్టు లేదు, కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

గట్టుకు అవతలి చేనులో సరిహద్దు దాటి వచ్చిన పాత కొయితాలు పనిచేస్తున్నాయి. ఒక నడివయసు మనిషి నడుం పట్టుకుని లేచి, "కాయ్ ఝాలా?" అని కేకేసింది. ఏమైందో ఆఫ్రీన్ వచ్చిన మరాఠీలో, రానిచోట ఉర్దూలో చెప్పింది. ఆ మనిషి విని, స్నేహలత పొట్ట వైపు చూసి, కొడవలి గట్టుకు గుచ్చి వచ్చేసింది. ఆమె మొదటి బిడ్డ చెరుకు సాళ్ళలోనే పుట్టి, అక్కడే పోయిందట. ఆ సంగతి తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం వచ్చి మోకాలు ఆనించి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు. ఇంకొకరు.

జీపు వచ్చింది. ఈసారి ఎస్సై కూడా వచ్చాడు. కుర్రవాడు, ఇస్త్రీ మడత నలగనివాడు. గుట్టను చూశాడు, గర్భిణిని చూశాడు, ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్న లారీ డ్రైవర్లను చూశాడు. ఆత్మారాం చెవిలో ఏదో అన్నాడు.

ఆత్మారాం విజిల్ తీసి ఊదాడు.

సుకన్య పిక్కలు జిల్లుమన్నాయి. ఒళ్ళు దానంతట అదే ఇంత లేచింది. పక్కన ప్రేమ్ కాళ్ళు కూడా వణుకుతున్నాయి, ఆ వణుకు మోకాలి గుండా ఆమెకు తెలుస్తోంది. చెరుకు గడలు కింద కరకరమన్నాయి. ఆ గుట్ట మొత్తం ఒకసారి కదిలి, మళ్ళీ కుదురుకుంది. ఒకరు లేవాలంటే నలుగురు జరగాలి. ఎవరూ జరగలేదు.

ఆత్మారాం మళ్ళీ ఊదాడు. ఈసారి మరీ గట్టిగా, కళ్ళు బైటికొచ్చేలా. ఊది ఊది దగ్గొచ్చింది. దగ్గుతూనే గుట్ట దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఉరుకుండ్రిరా. మీకు దండం పెడ్త, ఉరుకుండ్రి. సారు కేసు గీసు ఏం వద్దంటుండు. కడుపుతోనున్నదాన్ని లోపలేసిండ్రని పేపర్ల పడ్తది. నేను అటు మల్లుకుంట, జప్పన ఉరుకుండ్రి. మీకు అలవాటే కదా!"

గుట్ట మీద ఎవరో పకపకా నవ్వారు. సుకన్యకు నవ్వు రాలేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. తన చిన్నతనమంతా వెంటబడిన కాళ్ళు అవి. ఇప్పుడు వాటికి కూడా వాపులు.

"ఉరకం సార్" అంది. "నీ ఇజిల్‌కు ఉరికి ఉరికి అలసిపోయినం. ఇగ మాతోని కాదు. కూసుంటం."

ఎస్సైకి ఆ మాట వినబడింది. ఇక ఏదో ఒకటి చేయక తప్పలేదు. ఎవరు లీడరని అడిగితే అందరూ నోళ్ళు మూసుకున్నారు. బాపురావే ఆ జోడీని వేలు పెట్టి చూపించాడు. సుకన్యను, ప్రేమ్‌ను రెక్కలు పట్టి లాగి జీపెక్కించారు. గుట్ట మీద గోల లేచింది. సాయిరాం ఎర్రబడిన మొహంతో సగం లేచాడు.

"లేవకు!" అని జీపులోంచి అరిచింది సుకన్య. "ఒక్కరు గూడ లేవద్దు! మా జాగల ఇంకొకలు జరిగి కూసోండ్రి!"

ఆ మరాఠీ మనిషి ఏమర్థమయిందో ఏమో, ఆమె వదిలిన జాగాలోకి జరిగింది.

జీపు కాలువ గట్టు మీద కుదుపుతూ బయల్దేరింది. "ఇద్దరూ మొగుడు పెండ్లాలా?" అని అడిగాడు ఎస్సై ముందు సీట్లోంచి.

"కాదు సార్, అన్నాచెల్లెళ్ళం" అన్నాడు ప్రేమ్. పెళ్ళయినప్పటి నుంచి అతను ఆ మాట బయట అనడం అదే మొదటిసారి. ఆత్మారాం తల పట్టుకున్నాడు.

సుకన్య వెనక్కి తిరిగి చూసింది. ఎండ బాగా ఎక్కింది, గుట్ట మీద చెరుకు ఎండుతోంది. లారీ ఖాళీగా నిలబడి ఉంది. అవతలి చేనులో కూడా కొడవళ్ళు లేవడం లేదు. దుమ్ము కమ్మేదాకా చూస్తూనే ఉంది. జీపు వెనక ఒక్కరు కూడా ఉరికి రాలేదు. అందరూ కూర్చునే ఉన్నారు.